పాటలు మాత్రమే

“పాట విని నవ్వుతున్నావా?” పళ్ళ డాక్టరు పేపరు కిందికి దించి భార్యని నిలదీశాడు.

హాల్లో కిటికీ పక్కన, ఎంత తొక్కినా గుమ్మం దాటని సైకిలు మీద ఆమె చెమటలు కక్కుతూ తొక్కుతోంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, హ్యాండిల్‌కి రబ్బరు బ్యాండుతో కట్టిన ఫోను.

“పాట కాదు, మా సైకిలు క్లాసు కోచ్ గారి వాయిస్ మెసేజి.”

“ఏమంటాడు?”

“‘ఆగకండి, కొండెక్కేశారు, ఇంకొక్క మలుపే’ అంటున్నారు. క్లాసు వాళ్ళందరికీ పెట్టార్లెండి.” అంటూనే మళ్ళీ నవ్వింది.

డాక్టరు పేపరు మడిచి పక్కన పడేశాడు. ఆ నవ్వు ఆయనకి తెలుసు. పెళ్ళయిన కొత్తలో తన జోకులకి వచ్చేది. ఇప్పుడు జోకు వేస్తే ‘గ్యాసు కట్టేశారా?’ అని అడుగుతోంది. కొండట, మలుపట! హాల్లో కొండేమిటి? ముక్కూ మొహం తెలియనివాడెవడో ఆమె చెవిలో దూరి కూర్చుని, మొగుడు తెప్పించలేని నవ్వు తెప్పిస్తున్నాడు. ఓర్చుకోవడం ఇక ఆయన వల్ల కాలేదు.

సరిగ్గా అప్పుడే ఫోను రబ్బరు బ్యాండులోంచి జారి దభీమని కిందపడింది. దేవుడున్నాడనుకున్నాడు డాక్టరు.

“చూశావా, పగిలిపోయేది! ఫోను లోపల పెట్టెయ్. పాటలకి వేరే ప్లేయరు కొనిపెడతాను,” అన్నాడు గొంతులో తేనె కలుపుకుని.

“మీరా? నా సైకిలుకా?” ఆమె తొక్కడం ఆపి మరీ చూసింది.

సాయంత్రం క్లినిక్ మూసి తిన్నగా ఎలక్ట్రానిక్స్ షాపుకి వెళ్ళాడు.

“పాటలు మాత్రమే రావాలి,” అన్నాడు కౌంటరు మీదికి వంగి. “ఫోన్లు రాకూడదు, మెసేజిలు రాకూడదు, బ్లూటూత్ ఉండకూడదు, రేడియో అసలే వద్దు. మగాడి గొంతు దూరడానికి చీమంత సందు కూడా ఉండకూడదు.”

“పాడేవాళ్ళలో మగవాళ్ళుంటారు కదండీ?” అంది షాపు అమ్మాయి అయోమయంగా.

“పాడితే పాడనీ. మాట్లాడకూడదు!”

ఆ అమ్మాయి అరచేయంత తెర ఉన్నది తీసి చూపించింది. పక్కనే ఇయర్‌ఫోన్లకి రబ్బరు తొడుగులు ఏరుకుంటున్న ఒకాయన ఉండబట్టలేక కలగజేసుకున్నాడు.

“సైకిలు తొక్కుతూ వినడానికేనా అండీ? అయితే తెర వద్దు, చెమట వేలికి పలకదు. చూడకుండా నొక్కే బటన్లుండాలి. బట్టలకి క్లిప్పులా పెట్టుకునేదైతే ఊగదు కూడా.”

డాక్టరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. బట్టతల, కాస్త బొజ్జ, ముక్కు చివరికి జారిన కళ్ళద్దాలు. లోకంలో మగవాళ్ళంతా ఇలాగే ఉంటే ఏ మొగుడికీ బెంగ ఉండదు కదా అనిపించింది. ఆ ధైర్యంతో మనసులో ఉన్నదంతా కక్కేశాడు. ఎదుటివాళ్ళని నోరు తెరిపించి కూర్చోబెట్టి తను మాట్లాడటం వృత్తిరీత్యా అలవాటేగా!

“మా ఆవిడకి ఒక కోచ్ తగులుకున్నాడండీ. పొద్దున లేస్తే ఆయనగారి జపమే. కోచ్ గారు నడుం వంచొద్దన్నారు, కోచ్ గారు నీళ్ళు తాగమన్నారు! నేను రాత్రిపూట కూడా పళ్ళు తోముకోవే అంటే మాత్రం ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తుంది.”

“ఆయన్ని ఎప్పుడైనా చూశారా?”

“చూడటానికేముంది? అద్దం ముందు నిలబడి కండలు ఉబ్బించుకునే రకం. బుర్రలో గుజ్జు ఉండదు.”

“అయ్యో పాపం,” అన్నాడాయన.

“కుళ్ళంటారా, అనండి. నాకు సిగ్గులేదు. మా ఆవిడ నావల్ల నవ్వాలండీ, అంతే!” అన్నాడు డాక్టరు.

బట్టతలాయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత బొటనవేలంత ప్లేయరు ఒకటి ఏరి, బటన్లన్నీ నొక్కి చూసి, డాక్టరు చేతిలో పెట్టాడు.

“ఇది తీసుకోండి. ఖాళీది ఇస్తే ఏం బాగుంటుంది? సైకిలెక్కితే నేను పెట్టుకునేవి నా మెమరీ కార్డులో ఉన్నాయి. ఎక్కించమంటారా? మీ ఆవిడ నవ్వకపోతే నన్నడగండి.”

“మీరూ తొక్కుతారా!” డాక్టరు ఆ బొజ్జ వంక జాలిగా చూశాడు. “ఎక్కించండి మహానుభావా! మీ పన్ను ఎప్పుడైనా సలిపితే మా క్లినిక్కి రండి, పైసా పుచ్చుకోను.”

మర్నాడు పొద్దున ప్లేయరు తనే స్వయంగా భార్య టీషర్టు మెడపట్టీకి తగిలించి, పేపరు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత పేపర్లో అక్షరాలు కనిపించాయి. ఆమె మెల్లగా మొదలుపెట్టింది. తర్వాత జోరందుకుంది. ఉన్నట్టుండి ఆమె మొహం విప్పారింది. నిన్నటి నవ్వు దీని ముందు దిగదుడుపే.

డాక్టరు ఛాతీ ఉప్పొంగింది. ఈ నవ్వు అచ్చంగా తనది, తను కొని తెచ్చింది.

“నచ్చిందా?” అన్నాడు కాలు మీద కాలు వేసుకుని.

ఆమె ఒక చెవిలోంచి ఇయర్‌ఫోను తీసి, ఆయన వంక కొత్త పెళ్ళికూతురిలా చూసింది.

“ఎంత మంచి మనసండీ మీది! ఎవరు బతిమాలినా ఇవ్వని క్లాసు రికార్డింగు మా కోచ్ గారి దగ్గర ఎలా సంపాదించారు? అక్కడైతే పదిమందికీ కలిపి అరుస్తారు, ఇప్పుడు నా ఒక్కదాని చెవిలోనే!”