పెరుగుకి ప్రాణం

కార్తీకమాసం. మహాలక్ష్మమ్మ ఇంట్లో నెలంతా నీచు ముట్టరు.

ఆవిడ పెరుగన్నం ముద్ద నోటిదాకా తెచ్చుకునేసరికి, ఒకటో తరగతి చదివే మనవరాలు హేమశ్రీ చెయ్యి పట్టుకుంది.

"తినకు మామ్మా. దానికి ప్రాణముంది."

"పెరుగుకి ప్రాణమేంటే?"

"ప్రాణమున్నవి తింటాయి, పెరుగుతాయి, పిల్లల్ని పెడతాయని టీచరుగారు చెప్పారు. రాత్రి నువ్వు పాలల్లో చెంచాడు పెరుగు వేశావా, అది పాలన్నీ తాగేసి గిన్నెడయ్యింది. రేపు దీంట్లోంచే ఇంకో పెరుగు పుడతాది. పేరు కూడా పెరుగే. ఆ రోలుని చూడు. రోజూ దాని నోట్లో పచ్చడి పెడుతున్నా కొంచెం కూడా పెరగలేదు. అదీ ప్రాణం లేనిదంటే."

మహాలక్ష్మమ్మ ముద్ద కంచంలో వదిలేసింది. బుద్ధెరిగిన దగ్గర్నుంచి కార్తీకమాసాలన్నీ ఆవిడ పెరుగుతోనే గడిపింది.

కాసేపు ఆలోచించి లేచింది. పెరుగు గిన్నెలో కవ్వం వేసి గిరగిరా చిలికింది.

"ఇప్పుడిది మజ్జిగ. ప్రాణమేదన్నా ఉంటే ఈపాటికి పోయుంటది. ఇంక తప్పులేదు," అని గ్లాసుడు గటగటా తాగేసింది.

హేమశ్రీ ఆ కవ్వాన్ని శుభ్రంగా కడిగి తెచ్చి మామ్మ చేతికిచ్చింది.

"అయితే పద మామ్మా, చెరువులో రొయ్యల్ని కూడా చిలికేద్దాం."