రెండో గంప

కల్యాణమండపం గేటు దగ్గర పెట్టిన బోర్డు చూసి ముప్పాళ్ళ బాబాయి మొహం మాడ్చుకున్నాడు.

“ఏందిరా గోపీ, చదివింపులు వాకిట్లోనే గుంజుతున్నారా?”

గోపీనాథ్ నవ్వాడు. అది డబ్బులకు కాదని, ఆ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఫోన్లో తీసిన ఫొటోలు అందులో వేస్తే అన్నీ ఒకేచోట చేరతాయని విడమరచి చెప్పాడు.

చెల్లెలు వాసంతి పెళ్లికి అడిగింది అదొక్కటే. ఫొటోగ్రాఫర్ ఎలాగూ అందర్నీ బొమ్మల్లా నిలబెట్టి తీస్తాడు. జనం తీసినవి కావాలి, ఒక్కటీ పోకూడదు.

దాని మీద ఇంట్లో పెద్ద వాదనే నడిచింది. వాట్సాప్ గ్రూపంటే ఫొటోలు మసకబారతాయి, పైగా పొద్దున లేస్తే గుడ్ మార్నింగులు. తరవాత అడిగి తీసుకుందామంటే, ఇంటికెళ్లినవాళ్లెవరూ పంపరు. చివరికి గోపీనాథ్ చెప్పిన క్యూఆర్ కోడే ఖాయమైంది. ఆ బోర్డు చూసినప్పుడల్లా అతనికి తన తెలివికి తనకే ముచ్చటేసింది.

నరసరావుపేటలోని ఆ మండపానికి గేటు ఒకటే. కింద హాల్లో వాసంతి పెళ్లి, స్టేజీ పక్క మెట్లెక్కితే పై హాల్లో ఇంకెవరిదో. ముహూర్తం కూడా ఒకటే. పైవాళ్ల చుట్టాలు కూడా తమ బోర్డునే స్కాన్ చేస్తున్నారని ఎవరో చెబితే, వాళ్ల ఫొటోలు రేపు తీసేస్తే పోయె అనుకున్నాడు.

మేనమామ వాసంతిని గంపలో మోసుకొచ్చి, పూల పందిరి కింద పీటల మీద కూర్చోబెట్టాడు.

కాసేపటికి కనబడ్డాడు ఆ మనిషి.

స్టేజీ మూల పూల స్తంభాన్ని ఆనుకుని నిలబడ్డాడు. కొత్త చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. కాళ్ల దగ్గర ఒక వెదురు గంప.

గోపీనాథ్ అతన్ని ఎరగడు. మగపెళ్లివారిని అడిగితే, తమ మనిషి కాదన్నారు.

పక్కకు జరగమని చెయ్యి ఊపాడు. ఆ మనిషి తల అడ్డంగా ఊపి ఏదో అన్నాడు. మేళాల హోరులో ఒక్క ముక్కా వినపడలేదు.

ఎదురుగా జనమంతా ఫోన్లు ఎత్తి ఉన్నారు. ప్రతి ఫొటోలోనూ పెళ్లికూతురి వెనక ఈ చెమట మొహం. గోపీనాథ్‌కు ఒళ్లు మండింది. ముహూర్తం వేళ రభస ఎందుకని పళ్లు బిగపట్టి ఊరుకున్నాడు.

జీలకర్ర బెల్లమైంది. తలంబ్రాలయ్యాయి. అరుంధతిని చూడడానికి పెళ్లివారంతా స్టేజీ దిగి బయటికి నడిచారు.

గోపీనాథ్ ఒక్క అంగలో పోయి ఆ మనిషి కాలర్ పట్టుకున్నాడు.

“అమ్మాయి దిగిందా బాబూ?” అన్నాడతను, రొప్పుతూ.

“మా చెల్లెలితో నీకేం పని?”

అని బలంగా లాగాడు. అతను తూలి ముందుకు పడ్డాడు. వెనకే స్తంభం ఒరిగింది. పందిరి పందిరంతా ఖాళీ పీటల మీద కూలింది.

శుభమా అని పెళ్లి జరుగుతుంటే తాగొచ్చి పందిరి పడగొట్టాడన్నారు చుట్టాలు. గోపీనాథ్ చెయ్యి ఆగలేదు. చెంప మీద ఒక్కటి పీకాడు.

ఆ మనిషి ఎదురు తిరగలేదు. వంగి గంప అందుకోబోయాడు.

“మా గంప కూడా ఎత్తుకుపోదామనా?” అని గోపీనాథ్ దాన్ని లాక్కున్నాడు.

“అది మాదయ్యా.”

అతను మెట్ల వైపు నడవబోయాడు. వీపున చిరిగిన చొక్కా, నెత్తురు పందిరి కూలినప్పటి గీతలేననుకున్నారంతా. గోపీనాథ్ రెక్క పట్టుకుని గేటు బయటికి గెంటాడు.

మర్నాడు మధ్యాహ్నం అన్నం తిని ఫోన్లో ఆల్బమ్ తెరిచాడు. ఏ ఫొటో చూసినా అదే మొహం. స్టూడియోలో ఇచ్చి అతన్ని చెరిపించాలనుకున్నాడు. మధ్య మధ్య పైవాళ్ల పెళ్లి ఫొటోలు. వాటిని తీసెయ్యడానికి ఒక పక్కన పెట్టాడు.

పెరట్లోంచి నాయనమ్మ వీరరాఘవమ్మ కేకేసింది.

“ఒరేయ్ గోపీ, మనం కొన్నది ఒక్క గంపే గదరా. రెండున్నయ్యేంది?”

గోపీనాథ్ లేవబోయాడు. వేలు దానంతటదే తరవాతి ఫొటోకు జరిగింది.

అది శావల్యాపురం పిన్ని తీసిన ఫొటో. అందరూ ముందు నుంచి తీస్తే, ఆమె స్టేజీ వెనక్కి పోయి వాసంతి పూలజడను తీసింది.

జడ బాగానే పడింది. దాని పక్కన ఆ మనిషి వీపు.

పూలు చుట్టిన ఇనప స్తంభం పాదం స్టేజీ అంచు నుంచి జారి గాల్లో వేలాడుతోంది. పందిరి బరువంతా అతని కుడి భుజం మీద ఉంది. చొక్కా చిరిగి, నెత్తురు నడుం దాకా కారింది.

గోపీనాథ్ ఫోన్ పట్టుకున్న చేతి వంక చూశాడు. నిన్న అతన్ని కొట్టిన చెయ్యి అదే. తాగినవాడని ఎలా అనుకున్నాను? ఎవరతను? ఎక్కడని వెతకాలి?

మెట్ల వైపు నడవబోయాడన్నది అప్పుడు గుర్తుకొచ్చింది.

తీసెయ్యడానికి పక్కన పెట్టిన వాటిలో ఒక వీడియో ఉంది. తెరిచాడు. పై హాలు. పెళ్లికూతురు గది గుమ్మంలో నిలబడి ఉంది. పిల్లను గంపలో తీసుకురమ్మని పంతులు తొందరపెడుతున్నాడు.

“మా తమ్ముడు కార్లోంచి గంప తెస్తానని కిందికి దిగాడు పంతులుగారూ, ఇంకా రాలా. ఫోన్ కూడా ఎత్తట్లా,” అంటోంది తల్లి ఏడుపు గొంతుతో.

ముహూర్తం దాటిపోతుందన్నారెవరో. ఆ పిల్ల మెట్ల వైపు చూస్తూ చూస్తూ, నడిచే వెళ్లి పీటల మీద కూర్చుంది.

ఆమెను గంపలో మోసుకురావలసిన మేనమామ, ఆ వేళకు, కింద ముక్కూమొహం తెలియని వాసంతి నెత్తిన పడబోయే పందిరిని మోస్తున్నాడు.