ఆగని చుక్క

"ఏదో ఒకటి తీసుకోవే, కాళ్లు పీకుతున్నాయి," అంటూ మూడో షాపులో స్టూలు మీద కూలబడింది అత్త.

వంటిల్లు బాగుచేయిస్తూ నెలరోజులు. కోడలికీ ఓపిక చచ్చింది. గుండ్రటి పిడి ఉన్న కుళాయి చూపించింది.

"ఇది అందంగా ఉంది. దీన్నైనా గట్టిగా కట్టేయండి అత్తయ్యా. చుక్కలు కారుతున్నాయని పదేళ్లుగా చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది."

"కట్టి చూడండమ్మా," అంటూ షాపతను నీళ్లు వదిలాడు.

అత్త ఒక చేత్తో తిప్పబోయింది. పిడి కదల్లేదు. రెండరచేతుల మధ్య నొక్కిపట్టి, పళ్లు బిగించి తిప్పింది. ధార సన్నబడింది కానీ చుక్కలు ఆగలేదు. వంకరపోయిన వేళ్లను గబుక్కున కొంగులో దాచుకుంది.

కోడలు ఆ కొంగువైపే చూస్తూ ఉండిపోయింది.

"ఇది వద్దండీ. మోచేత్తో నెట్టినా ఆగిపోయేది చూపించండి."

"అదెందుకే? నీకిదే నచ్చిందిగా?"

"నా చేతులూ నొప్పెడుతున్నాయి అత్తయ్యా."