తెర మీది కుర్రాడు

అతను గదిలోకి అడుగు పెట్టగానే భార్య కంప్యూటర్ తెర మీద ఉన్న ఫొటోని గబుక్కున మూసేసింది. ఈ వారంలో ఇది ఎన్నోసారో.

“ఎవడు వాడు?” అన్నాడు.

“ఎవరూ కాదండీ. ఆఫీసు పని.”

“మీ ఆఫీసులో చేసేది విమానం నుంచి తీసిన ఫొటోల్ని సాగదీసి మ్యాపుకి సరిపెట్టడమేగా! రోడ్లకీ చెరువులకీ మీసాలు మొలుస్తున్నాయా ఈమధ్య?”

ఆమె ఆరేసిన బట్టలు తెస్తానంటూ మేడ మీదికి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ కళ్లు తుడుచుకుంది. దొరికిపోయినవాళ్లు ఏడవక ఏం చేస్తారు అనుకున్నాడతను.

కుర్చీ లాక్కుని ఫొటో తెరిచాడు. నూనూగు మీసాల కుర్రాడు. చక్కటి ముక్కు, కొంటె నవ్వు. అతనిది కళ్లజోళ్ల షాపు, పొద్దస్తమానం పరాయి మొహాలు కొలవడమే పని. అయినా ఈ మొహానికి వంక పెడదామంటే ఒక్కటీ దొరకలేదు. ఒళ్లు మండిపోయింది.

మొహమంతా చిన్న చిన్న చుక్కలు. కంటి కొసల్లో, పెదాల అంచున, గడ్డం చుట్టూ. ఒక్కోటీ ఆమె చేత్తో పెట్టిందే. తన మొహంలోకి ఆమె ఇంత పరీక్షగా చూసి ఎన్నేళ్లయింది?

ముక్కు మీది చుక్కని పట్టుకుని పక్కకి లాగాడు. దాంతోపాటు బుగ్గ కూడా రబ్బరులా సాగింది. భలే! పెదవి కిందికి. కన్ను చెవి దాకా. చూస్తుండగానే అందగాడు కాస్తా బూచాడయ్యాడు. సేవ్ నొక్కాక గానీ కడుపుమంట చల్లారలేదు.

బట్టల మోపుతో వచ్చిన ఆమె తెర చూసి ఉన్నచోటే చతికిలబడింది.

“పాపం, ఏమైపోయాడో చూడు నీ అందగాడు! కనీసం వాడి వయసైనా చూసుకోవద్దూ? ఇప్పుడైనా చెప్తావా, ఎక్కడుంటాడు?”

“ఎక్కడా ఉండడండీ. నేనే తయారుచేశాను.” ఆమె బట్టల మోపు పక్కన పెట్టింది. “మీ చిన్నప్పటి ఫొటోల దగ్గర్నుంచి కాలేజీ ఫొటోల దాకా వరసగా పెట్టాను. వయసు పెరిగేకొద్దీ మొహంలో ఏ చుక్క ఎటు జరిగిందో చూసి, అన్నిటికీ సరిపోయే లెక్క ఒకటి కట్టాను. అదే లెక్కతో ఇంకో ఫొటోలో చుక్కలు జరిపితే ఈ మొహం వచ్చింది.”

“నా ఫొటోలా?” అతనికేమీ అర్థం కాలేదు. “నావెందుకు? ఆ ఇంకో ఫొటో ఎవరిది?”

ఆమె లేచి, మౌస్ అందుకుని, ఆ ఫొటో తెరిచింది.

“మన బాబుదండీ. ఉండుంటే, గడ్డం గీసుకోవడం నేర్పమని ఈపాటికి మీ వెంటపడుతుండేవాడు.”