కింది వాటా కునుకయ్య

మధ్యాహ్నం భోజనాలు కాగానే కాలింగ్ బెల్ మోగింది.

ఎవరో కోడలికి చూడకుండానే తెలుసు. ఎంబ్రాయిడరీ మిషన్ ఆపకుండానే వెళ్లి తలుపు తీసింది.

కింది వాటాలో ఒంటరిగా ఉండే పెద్దాయన. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"అమ్మా, ఆ మిషన్ కాసేపు ఆపుతారా? నాది రాత్రి డ్యూటీ. పగలు కాస్త కునుకు తీస్తేనే..."

"మీకు కునుకెలాగో మాకు కూడు అలాగండీ. స్కూలు బ్యాడ్జీలు సోమవారానికి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది."

"ఒక్క గంట..."

"రోజూ ఇదే గోల! ఇంకోసారి మా మెట్లెక్కారంటే మర్యాదగా ఉండదు."

ఆయన తలూపి దిగిపోయాడు. కోడలు తలుపు ధడాలున వేసింది.

"పాపం, కునుకయ్య," అంది అత్తగారు లోపలి నుంచి. ఆ పేరు పెట్టింది ఆవిడే.

ఆవిడకు మనుషులంటే ఎంత జాలో యంత్రాలంటేనూ అంత జాలి. ఆ జాలే మర్నాడు కొంప ముంచింది.

కోడలు దారపు కండెలు కొనుక్కుని వచ్చేసరికి మిషన్ నోరు మూసుకుని కూర్చుంది. దాన్ని నడిపించే పాత కంప్యూటర్ మాత్రం కొత్త రంగులతో వెలిగిపోతోంది.

"అత్తయ్యా, దీన్నేమైనా చేశారా?"

"నేనేం చేశానమ్మాయ్? అప్‌డేట్ చేయమంటావా అని అదే అడిగింది. పొద్దుటి నుంచీ అడుగుతూనే ఉంది పాపం. చూడలేక అవునన్నాను."

కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ మిషన్ ఆగితే ఇంట్లో పొయ్యి ఆగినట్టే.

వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిపించింది. అతను చూసి పెదవి విరిచాడు.

"మిషన్‌కీ కంప్యూటర్‌కీ మధ్య మాటలు మోసేది డ్రైవర్, మేడమ్. అప్‌డేట్ వచ్చి పాతదాన్ని తోసేసి కొత్తది పెట్టింది. కొత్తదానికి మీ మిషన్ భాష రాదు."

"మరి పాతదే తెచ్చిపెట్టండి."

"దాన్ని చేసిన కంపెనీయే మూతపడిపోయింది. ఫోన్లో పాత కంప్యూటర్ల వాళ్ల గ్రూపు ఒకటుంది. అక్కడ అడిగి చూడండి."

కోడలు గ్రూపులో మిషన్ ఫొటో పెట్టి, తన గోడు అంతా రాసింది. అత్తగారి జాలి గురించి కూడా రాసింది. సోమవారంలోగా ఎవరైనా పుణ్యం కట్టుకోండి అని బతిమాలింది.

'తుప్పు' అనే పేరుతో ఒకాయన వెంటనే పలికాడు.

"అమ్మా, కంప్యూటర్లో పరికరాల జాబితా తెరవండి. మిషన్ పేరు పక్కన పసుపు గుర్తుందా?"

"ఉందండీ."

"పాత డ్రైవర్‌కు తిరిగి వెళ్లమనే బటన్ కనబడుతోందా?"

"కనబడుతోంది. కానీ రంగు వెలిసిపోయి ఉంది. నొక్కితే పలకడం లేదు."

"అయితే కంగారు పడకండి. ఆ డ్రైవర్ నా దగ్గరుంది, పంపుతున్నాను. దించుకోగానే కంప్యూటర్‌కి నెట్ తీసేయండి. లేకపోతే అది మళ్లీ కొత్తదాన్నే తెచ్చుకుంటుంది."

మధ్యాహ్నమంతా ఆయన చెబుతూ పోయాడు, ఈమె చేస్తూ పోయింది. విసుగన్నది లేదు. ఒకే ప్రశ్న ముమ్మారు అడిగినా ముమ్మారూ చెప్పాడు.

ఆఖరికి కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది. పసుపు గుర్తు మాయమైంది. మిషన్ మీట నొక్కగానే సూది టకటకమంటూ గుడ్డ మీద పరుగెత్తింది.

అత్తగారు చప్పట్లు కొట్టింది. కోడలు కళ్లు తుడుచుకుని ఫోన్ అందుకుంది. ఈమె ఏదీ రాయకముందే అక్కడ 'శుభం' అని ఉంది.

"చూశారా అత్తయ్యా, నేను చెప్పేలోగానే తెలిసిపోయింది! మనిషంటే అలా ఉండాలి. ఎక్కడో ఉండి ఇంత సాయం చేశాడు. మన కింద ఉన్నాయనా ఉన్నాడు, ఎందుకూ?"

సోమవారం దాకా మిషన్ పగలంతా ఆగలేదు. కునుకయ్య ఒక్కసారి కూడా బెల్ కొట్టలేదు. బాగా గడ్డిపెట్టాను, అందుకే బుద్ధొచ్చింది అనుకుంది కోడలు.

బ్యాడ్జీలు వేళకు వెళ్లాయి.

మరుసటి వారం వాకిట్లో సామాన్ల బండి ఆగింది. కునుకయ్య ఖాళీ చేస్తున్నాడు. బండెక్కే ముందు పైకి చూసి నవ్వాడు. కోడలు ఆరేసిన దుప్పటి సర్దుతున్నట్టు మొహం తిప్పుకుంది.

"పీడ విరగడైంది అత్తయ్యా."

"అలా అనకూడదమ్మాయ్," అంది అత్తగారు, కింద కదులుతున్న బండికి చెయ్యి ఊపుతూ.

నెల తిరక్కుండానే స్కూలు నుంచి కబురొచ్చింది. వచ్చే ఏడాది పని కూడా ఆమెకే. కోడలు ఆనందం పట్టలేక ముందుగా తుప్పుకే రాసింది.

"అన్నగారూ, మీ మేలు ఈ జన్మకు మర్చిపోను. మీరెక్కడుంటారో చెప్పండి. అత్తయ్యా నేనూ వచ్చి దండం పెట్టుకుంటాం."

జవాబు వచ్చింది.

"చాలా సంతోషం అమ్మా. ఈసారి అది ఎంత బతిమాలినా అవుననొద్దని అత్తగారికి చెప్పండి. నాకొక్కటే ఇబ్బంది. ఇల్లు మారితే హాయిగా నిద్రపోవచ్చనుకున్నాను గానీ, పైన మీ మిషన్ చప్పుడు లేక పగలు కునుకే పట్టడం లేదు."