అచ్చం హత్సుయే ముద్ద

కలిహి పేటలో మా డెలీ అనే తిండి కొట్టుకి కుర్చీలుండవు, మర్యాదలూ ఉండవు. అన్నం ముద్దకి సముద్రపు నాచు చుట్టి ముసుబి అని అమ్ముతాం. అందులో కూడా ఓనరు తోకుజీ అంకుల్‌కి పోయిన భార్య చేతి రుచి కావాలట!

"మెత్తగా ఉందే పిల్లా. మా హత్సుయే ఇలా చేసేది కాదు. రేపూ ఇంతే అయితే ఇంకో పని వెతుక్కో" అన్నాడు నిన్న. నెల రోజులుగా తెల్లవారుజామున నాలుగింటికే వచ్చి అన్నం వండుతున్నందుకు నాకు దక్కిన సన్మానం.

ఇవాళ ముద్దని ఆయన పీకే అనుకుని పిసికాను. ఉప్పు విసిరికొట్టాను.

అంకుల్ కొరికాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇదే! అచ్చం హత్సుయే ముద్ద! ఎలా చేశావే?"

"మీ మీద కోపంతో చేశానంకుల్."

నమలడం ఆగిపోయింది.

"ముప్ఫయ్యేళ్లు రోజూ ఇలాగే చేసిందే..." అన్నాడు.