శనివారం మంచు

"చూడరా, యూరప్ వాతావరణ మోడల్ ఏమంటోందో. శనివారం అడుగున్నర మంచు," అన్నాడు ఆర్విల్, కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి. "పాస్టర్‌కి చెప్పు, నోరీన్ భూస్థాపన వారం వాయిదా వెయ్యమని. ఆయనకి తొందరేమో గానీ, నా భార్యకేం తొందర లేదు."

డెల్ కోటైనా విప్పకుండా తెర మీదికి వంగాడు. మంచు తుఫాన్ల పిచ్చే వాళ్లిద్దరినీ ఇన్నేళ్లూ స్నేహితులుగా ఉంచింది.

"ఇది నిన్నటిది కదరా ముసలోడా! పొద్దున వచ్చింది తియ్యి. యూరప్, అమెరికా, కెనడా, మూడు మోడళ్లూ ఒకటే మాట. తుఫాను మన దాకా రాకుండా, బోస్టన్ దాటకముందే సముద్రంలోకి పోతోంది. శనివారం ఎండ."

"మూడూ తప్పే."

"నీకెప్పుడూ మంచే పడాలి. నీ మాట నమ్మి, దారిలో మంచు కరిగించడానికని కొన్న ఉప్పు బస్తాలు నా షెడ్డులో రాళ్లయిపోయాయి."

ఆర్విల్ నవ్వలేదు. నిన్నటి పటాన్నే చూస్తున్నాడు.

డెల్ గొంతు తగ్గించాడు. "నీకు మంచు కావాలా, ఇంకో వారం కావాలా?"

ఆర్విల్ కిటికీ వైపు తిరిగాడు. పెరట్లో మంచు కొలిచే తెల్ల చెక్క ఉంది. అతను పది అంగుళాలు పడుతుందని చెబితే, మర్నాడు నోరీన్ అక్కడ స్కేలు గుచ్చి, నవ్వుతూ కిటికీ వైపు నాలుగు వేళ్లు చూపించేది.

"శనివారమే కానియ్యమను," అన్నాడు.

"వచ్చే తుఫానుకైనా సరిగ్గా చెబుదువులే."

"ఇక నేనేం చెప్పినా చెల్లుతుందిరా. కొలిచి కాదనే మనిషి లేదుగా."